ఫిలిప్పీన్ సమాజంలో మహిళా నాయకత్వం – సమానత్వ సాధన

ఒక జాతి ఔన్నత్యాన్ని నిర్ణయించడానికి పండితులు పలు ప్రమాణాలను చెప్పియున్నారు. ఆ జాతి నిర్మించిన కట్టడాలు, రచించిన గ్రంథాలు, సాధించిన విజయాలు అన్నీ ప్రమాణాలే. కాని వీటన్నింటికంటే నమ్మదగిన ప్రమాణం మరొకటి ఉన్నది. ఆ జాతిలోని స్త్రీకి ఇంటిలోను, బడిలోను, సభలోను లభించే స్థానమే అది. ఈ దృష్టితో ఆసియా ఖండపు దేశాలను పరిశీలించే విద్యార్థికి ఫిలిప్పీన్స్ దేశం ఒక విశిష్టమైన పాఠాన్ని అందిస్తుంది. ఇద్దరు మహిళలు అధ్యక్షపదవిని అలంకరించిన దేశమది. మహిళలకు ఓటు కావాలా, వద్దా అని మహిళలనే అడిగి, వారి సమాధానాన్ని శాసనంగా స్వీకరించిన దేశమది. అయినప్పటికీ అక్కడ సమానత్వం సంపూర్ణంగా సిద్ధించిందని చెప్పలేము. సాధించినదేమి, సాధించవలసినదేమి అను రెండు ప్రశ్నలను కలిపి చదివినపుడే ఆ దేశ చరిత్ర మనకు ఉపయోగపడుతుంది.

భాష చెప్పే సాక్ష్యం

ఫిలిప్పీన్స్ ఏడువేలకు పైగా దీవుల సముదాయం. ఉత్తరాన లూజాన్, నడుమ విసాయాస్, దక్షిణాన మిందనావో అని స్థూలంగా మూడు భాగాలు. అక్కడ మాట్లాడే భాషలు నూటికి పైగా ఉన్నవి. వాటిలో ప్రధానమైన తగాలోగ్ భాషలో ప్రథమపురుష సర్వనామం ‘సియా’. ‘అతడు’ అన్నా అదే మాట, ‘ఆమె’ అన్నా అదే మాట. భర్తకైనా భార్యకైనా ‘అసావా’ అను ఒకే పదం, కొడుకుకైనా కూతురుకైనా ‘అనాక్’ అను ఒకే పదం వాడుతారు.

మన తెలుగు వ్యాకరణంతో దీనిని పోల్చి చూడడం ఆసక్తికరం. మన వ్యాకర్తలు నామవాచకాలను మహద్వాచకాలు, అమహద్వాచకాలు అని విభజించారు. ‘రాముడు వచ్చెను’ అన్నపుడు మహత్తు. స్త్రీవాచకం ఏకవచనంలో పశుపక్ష్యాదులతో, జడపదార్థాలతో కలిసి అమహత్తు వలె ప్రవర్తిస్తుంది. ‘సీత వచ్చింది’, ‘బండి వచ్చింది’ అను వాక్యాలలో క్రియ ఒక్కటే. కాని బహువచనంలో ఈ స్థితి మారిపోతుంది. ‘స్త్రీలు వచ్చారు’ అనినపుడు వారు పురుషులతో సమానంగా మహత్తులలో చేరుతారు. ఒంటరిగా ఉన్నపుడు లభించని గౌరవం పదిమంది కూడినపుడు లభించుట వ్యాకరణ విశేషమే కావచ్చును. కాని ఫిలిప్పీన్ స్త్రీల చరిత్రను చదివినపుడు ఈ సూత్రం మాటిమాటికీ జ్ఞప్తికి వస్తుంది.

అయితే ఒక హెచ్చరిక అవసరం. భాషలో లింగభేదం లేనంత మాత్రాన సమాజంలో భేదం లేదని తీర్మానించరాదు. భాష ఒక సాక్షి మాత్రమే, తీర్పు కాదు. చరిత్ర ఇచ్చే ఇతర సాక్ష్యాలను కూడా పరిశీలించవలసి ఉన్నది.

ప్రాచీన సమాజం

ఫిలిప్పీన్స్‌లో ఇంతవరకు లభించిన లిఖిత శాసనాలలో అతి ప్రాచీనమైనది లగూనా తామ్రశాసనం. 1980ల చివర లగూనా రాష్ట్రంలోని ఒక నది వద్ద ఈ రాగిరేకు బయటపడినది. మన దేశపు శాసనాల వలెనే ఇది ‘స్వస్తి’తో ప్రారంభమవుతుంది. కాలం శకవర్షం 822, వైశాఖ మాసం, కృష్ణపక్ష చతుర్థి, అనగా క్రీ.శ. 900. మన పంచాంగాలలో నేటికీ నిలిచియున్న శాలివాహన శకమే అక్కడ కూడా కాలగణనకు ఆధారమైనది. శాసనపు లిపి ప్రాచీన జావాకు చెందిన కవి లిపి. అది దక్షిణ భారతపు పల్లవ లిపి నుండి పుట్టినది. ఆ శాసనంలోని విషయం ఒక ఋణవిమోచనం. నమ్వరన్ అను గౌరవనీయుని సంతానానికి బంగారపు అప్పు నుండి విముక్తి లభించినదని అందులో వ్రాసియున్నది. ఆ సంతానంలో మొదట పేర్కొన్నది కుమార్తె అంగ్కతన్‌ను. ఆ పిమ్మటనే ఆమె సోదరుడు బుకా పేరు. ఒక దేశపు తొలి లిఖితపత్రంలోనే ఒక స్త్రీ స్వంత పేరుతో, హక్కు గల వ్యక్తిగా కనిపించుట సామాన్య విషయం కాదు.

స్పానిష్ వారు రాకపూర్వం ఆ దీవులలో బంధుత్వాన్ని తల్లి వైపు, తండ్రి వైపు సమానంగా లెక్కించేవారు. కుమార్తెలకు ఆస్తిలో భాగం ఉండేది. వివాహ సమయంలో వరుని పక్షమే వధువు పక్షానికి కానుకలు ఇచ్చేది. విసాయాస్ ప్రాంతంలో ‘బాబాయ్‌లాన్’ అని, తగాలోగ్ ప్రాంతంలో ‘కటలోనన్’ అని పిలువబడిన పూజారిణులు సమాజానికి వైద్యులుగా, ఆచారకర్తలుగా, సలహాదారులుగా వ్యవహరించేవారు. ఆ స్థానం వహించినవారిలో అత్యధికులు స్త్రీలే. 1604లో తన గ్రంథాన్ని ప్రకటించిన పేద్రో చిరినో అను స్పానిష్ మతాచార్యుడు ఆ దీవులలోని స్త్రీలకు సైతం చదవను, వ్రాయను వచ్చునని ఆశ్చర్యంతో పేర్కొన్నాడు. ఆ వర్ణనలో కొంత అతిశయోక్తి ఉన్నదనుకున్నా, స్త్రీల అక్షరజ్ఞానం ఆయనకు కొట్టవచ్చినట్లు కనిపించిన మాట నిజం.

అది స్వర్ణయుగమని భ్రమపడనక్కరలేదు. ఆ సమాజంలో దాస్యం ఉన్నది, కులీనుల ఆధిక్యం ఉన్నది. కాని స్త్రీకి ఆస్తి, అక్షరం, ఆచారాధికారం అను మూడు ఆధారాలు ఉండేవని గ్రహించాలి.

పరపాలనలో స్త్రీ

1565లో లెగాస్పి నాయకత్వాన స్పానిష్ వలసపాలన ఆరంభమైనది. 1571లో మనీలా రాజధాని అయినది. ఆనాటి నుండి మూడువందల సంవత్సరాలకు పైగా సాగిన పాలనలో పూజారిణుల స్థానాన్ని మతగురువులు ఆక్రమించారు. స్పానిష్ చట్టం వివాహిత స్త్రీని భర్త అధికారానికి లోబరచినది. ఆచారంలో మాత్రమే ఉండి, వ్రాతలో లేని హక్కులు ఎంత సులభంగా జారిపోగలవో ఈ ఘట్టం నిరూపిస్తుంది.

అయినను స్త్రీ మౌనంగా ఉండలేదు. ఉత్తర లూజాన్‌లోని ఇలోకోస్ ప్రాంతంలో దియేగో సిలాంగ్ స్పానిష్ ప్రభుత్వంపై తిరుగుబాటు చేసి 1763 మే నెలలో హత్యకు గురి అయినాడు. అతని భార్య గాబ్రియేలా సిలాంగ్ ఆ సేనకు నాయకత్వం వహించి పోరాటాన్ని కొనసాగించారు. విగాన్ పట్టణంపై దాడి విఫలమైన తరువాత పట్టుబడి, 1763 సెప్టెంబరు 20న ఉరికంబమెక్కారు. 1896 విప్లవ కాలంలో మెల్చోరా అక్వినో అను వృద్ధురాలు తన ఇంటిని విప్లవకారులకు ఆశ్రయంగా మార్చారు. అప్పటికి ఆమె వయస్సు 84 సంవత్సరాలు. గాయపడినవారికి చికిత్స చేసి, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన నేరానికి ప్రభుత్వం ఆమెను గువామ్ దీవికి ప్రవాసం పంపినది. 1903లో స్వదేశానికి తిరిగి వచ్చి, 1919లో 107వ ఏట మరణించిన ఆమెను ప్రజలు ‘తాండాంగ్ సోరా’ అని నేటికీ భక్తితో స్మరిస్తారు.

మలోలోస్ ఇరవై మంది

విద్యార్థినులు ముఖ్యంగా తెలుసుకోవలసిన ఘట్టం వేరొకటి ఉన్నది. అందులో కత్తి లేదు, రక్తం లేదు. ఒక అర్జీ మాత్రమే ఉన్నది. మనీలాకు ఉత్తరాన బులకాన్ రాష్ట్రంలో మలోలోస్ అను పట్టణం ఉన్నది. 1888 డిసెంబరు 12న స్పానిష్ గవర్నర్ జనరల్ వెయ్‌లర్ ఆ పట్టణానికి వచ్చినపుడు ఇరవై మంది యువతులు ఆయనకు ఒక విన్నపపత్రం సమర్పించారు. స్పానిష్ భాష నేర్చుకొనుటకు రాత్రిబడి తెరవడానికి అనుమతి కావలెనని వారి కోరిక. ఇంత చిన్న కోరిక వెనుక ఎంత పెద్ద భావం ఉన్నదో ఆలోచించండి. స్పానిష్ ఆనాటి ప్రభుత్వ భాష, న్యాయస్థానపు భాష. ఆ భాష తెలియని ప్రజ ఏలికల ముందు మూగదే. కనుకనే స్థానిక మతాధికారి దానిని వ్యతిరేకించాడు, అనుమతి తొలుత లభించలేదు. యువతులు పట్టు విడువలేదు. ఎట్టకేలకు 1889 ఫిబ్రవరిలో, ఖర్చు తామే భరించవలెనను షరతుతో వారికి అనుమతి లభించినది. ఆ బడి కొద్ది నెలలకే మూతపడిన మాట నిజమే. కాని ఆ వార్త సముద్రాలు దాటినది. లండన్‌లో ఉన్న జాతీయనాయకుడు హోసే రిసాల్ 1889 ఫిబ్రవరి 22న ఆ యువతులకు తగాలోగ్ భాషలో సుదీర్ఘమైన లేఖ వ్రాశాడు. విచక్షణ లేని విధేయతను విడనాడి స్వయంగా ఆలోచించడం నేర్చుకొనవలెనని, అజ్ఞానంలో ఉన్న తల్లి బిడ్డలకు స్వేచ్ఛను నేర్పలేదని ఆ లేఖ సారాంశం.

ఓటు హక్కు సాధన

1898లో స్పెయిన్ నిష్క్రమించి అమెరికా పాలన వచ్చినది. బాలబాలికలకు ప్రభుత్వ పాఠశాలలు విస్తరించాయి. 1905లో కన్సెప్సియోన్ ఫెలిక్స్ మనీలాలోను, 1906లో పురా విల్లనువేవా ఇలోయిలోలోను స్త్రీల సంఘాలను స్థాపించారు. శిశుమరణాలను తగ్గించుట, పిల్లలకు శుద్ధమైన పాలు అందించుట మొదలైన సేవాకార్యాలతో ఆరంభమైన ఈ ఉద్యమం క్రమంగా ఓటు హక్కు వైపు సాగినది. కొలంబియా విశ్వవిద్యాలయం నుండి 1923లో డాక్టరేటు పొందిన చరిత్రకారిణి ఎన్కార్నసియోన్ అల్సోనా తన రచనల ద్వారా ఈ కోరికకు చారిత్రకాధారాలను సమకూర్చారు.

1933లో మహిళలకు ఓటు హక్కునిచ్చే చట్టం ఆమోదం పొందినది. కాని అది అమలు కావలసిన సంవత్సరంలోనే, అనగా 1935లో, కొత్త రాజ్యాంగం వచ్చి ఓటును పురుషులకే పరిమితం చేసినది. పైపెచ్చు ఒక కఠినమైన నిబంధన విధించినది. రెండేళ్లలోగా స్త్రీలకు మాత్రమే ప్రత్యేకమైన అభిప్రాయ సేకరణ జరుపవలెనని, అందులో కనీసం 3,00,000 మంది స్త్రీలు అనుకూలంగా ఓటు వేసిననాడే ఆ హక్కు సంక్రమిస్తుందని ఆ నిబంధన. పురుషుల హక్కుకు ఇట్టి పరీక్ష ఏదీ పెట్టలేదు!

స్త్రీలు వాదవివాదాలతో కాలం గడపలేదు. హోసెఫా ల్యానెస్ ఎస్కోడా, పిలార్ హిదాల్గో లిమ్ వంటి నాయకురాండ్రు మహిళా సంఘాల ద్వారా ఊరూరా ప్రచారం సాగించారు. 1937 ఏప్రిల్ 30న అభిప్రాయ సేకరణ జరిగినది. అనుకూలంగా 4,47,725 ఓట్లు, ప్రతికూలంగా 44,307 ఓట్లు వచ్చినవి. ఓటు వేసిన ప్రతి నూరుగురిలోను 91 మంది అవునన్నారు. కావలసిన సంఖ్య కంటె దాదాపు లక్షన్నర అధికం!

ఫలితాలు వెంటనే కనిపించాయి. 1937లోనే కార్మెన్ ప్లానాస్ మనీలా నగర మండలికి ఎన్నికైనారు. 1941లో ఎలీసా ఒచోవా దిగువ సభకు, 1947లో జెరోనిమా పెక్సోన్ సెనేటుకు ఎన్నికైన తొలి మహిళలైనారు. ఎస్కోడా మాత్రం ఈ అభ్యుదయాన్ని చాలాకాలం చూడలేకపోయారు. జపాన్ ఆక్రమణ కాలంలో యుద్ధఖైదీలకు ఆహారం, మందులు చేరవేసినందుకు నిర్బంధితురాలై 1945లో ప్రాణాలర్పించారు.

సేవారంగంలో నాయకత్వం

నాయకత్వమనగా శాసనసభా స్థానమొక్కటే కాదు. డాక్టర్ ఫే దెల్ ముందో జీవితం ఇందుకు నిదర్శనం. విద్యుత్తు లేని పల్లెలలో నెలలు నిండక పుట్టిన శిశువులను కాపాడడానికి ఆమె వెదురు బుట్టలతో ఒక సాధనాన్ని రూపొందించారు. ఒక బుట్టలో మరొక బుట్టను ఉంచి, నడుమ వేడినీటి సీసాలు అమర్చి, శిశువుకు వెచ్చదనం కలిగించే ఏర్పాటు అది. స్వంత ఆస్తిని అమ్మి 1957లో మనీలా సమీపాన క్వెజోన్ నగరంలో పిల్లల ఆసుపత్రిని స్థాపించారు. 1977లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం లభించినది. ఫిలిప్పీన్ అధ్యక్షుని పేర వెలసిన ఈ పురస్కారాన్నే 2003లో మన తెలుగునాట బాలకార్మికులను పని మాన్పించి బడిలో చేర్పించిన ఆచార్య శాంతా సిన్హా కూడా అందుకొనుట మనకు గర్వకారణం.

అంతర్జాతీయ రంగంలో లెటీసియా రామోస్ షహానీ పేరు చిరస్మరణీయం. స్త్రీల పట్ల సర్వవిధ వివక్షలను రూపుమాపడానికి 1979లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒడంబడికకు తొలి ముసాయిదా రచనలో ఆమె పాత్ర గణనీయమైనది. 1985లో నైరోబీలో జరిగిన ప్రపంచ మహిళా మహాసభకు ప్రధాన కార్యదర్శి ఆమెయే.

1986 – శాంతియుత విప్లవం

1972లో సైనికశాసనం విధించిన మార్కోస్ పాలనలో ప్రతిపక్ష నాయకుడు బెనిగ్నో అక్వినో 1983 ఆగస్టు 21న మనీలా విమానాశ్రయంలో హత్యకు గురి అయినాడు. ఆయన భార్య కొరజోన్ అక్వినో అంతవరకు గృహిణి. అధ్యక్షపదవికి పోటీ చేయవలెనని ప్రజలు కోరినపుడు పది లక్షల సంతకాలు తెమ్మన్నారు, ప్రజలు తెచ్చారు. పరిపాలనానుభవం లేని గృహిణి అని ప్రత్యర్థి ఎద్దేవా చేశాడు. 1986 ఫిబ్రవరి 7 నాటి ఎన్నికలలో అక్రమాలు జరిగాయని దేశం భగ్గుమన్నది. ఫిబ్రవరి 22 నుండి 25 వరకు మనీలాలోని ఎద్సా రాజమార్గంపై లక్షలాది జనులు నిలిచారు. ఆయుధం లేని స్త్రీలు, సన్యాసినులు యుద్ధశకటాల ఎదుట నిలిచి ప్రార్థించారు. ఫిబ్రవరి 25న ఆమె అధ్యక్షురాలుగా ప్రమాణం స్వీకరించారు. 1987 రాజ్యాంగంలో జాతినిర్మాణంలో స్త్రీల పాత్రను గుర్తించుట, చట్టం ముందు స్త్రీపురుషుల సమానత్వాన్ని కాపాడుట రాజ్యధర్మంగా ప్రకటించబడినది. తరువాత 2001 నుండి 2010 వరకు గ్లోరియా మకపగాల్ అరోయో అధ్యక్షురాలుగా ఉన్నారు.

దక్షిణ దీవులలో ముస్లిం మహిళ

మిందనావో, సులూ ప్రాంతాలలో ఇస్లాం స్పానిష్ వారి రాకకు పూర్వమే వేళ్లూనినది. అల్పసంఖ్యాకులైన అక్కడి ముస్లింలలో నుండి వచ్చిన సాంతానినా రసూల్ 1987లో సెనేటుకు ఎన్నికై, ఆ సభలో ప్రవేశించిన తొలి ముస్లిం మహిళగా నిలిచారు. ‘మగ్‌బస్సా కితా’, అనగా ‘మనం చదువుదాం’, అను పేరుతో ఆమె సాగించిన అక్షరాస్యతా ఉద్యమం మారుమూల దీవుల నిరక్షరాస్యులకు అక్షరభిక్ష పెట్టినది. ఆమె ప్రధాన రచయిత్రిగా 1992లో వెలువడిన చట్టం వివాహిత స్త్రీకి భర్తతో సమానంగా ఒప్పందాలు చేసుకొనే, ఋణాలు పొందే హక్కునిచ్చినది. సైనిక విద్యాలయాల ద్వారాలను యువతులకు తెరచినది. ఒక అల్పసంఖ్యాక వర్గపు మహిళ యావద్దేశపు స్త్రీలకు హక్కులు సాధించి పెట్టిన ఈ ఉదాహరణ మన విద్యార్థినుల హృదయాలలో నిలువదగినది.

ఆ ప్రాంతంలో దశాబ్దాలుగా సాగిన అంతర్యుద్ధాన్ని ముగింపు వైపు నడిపించిన 2014 మార్చి 27 నాటి బంగ్సమోరో ఒప్పందంపై ప్రభుత్వ పక్షాన ప్రధాన ప్రతినిధిగా సంతకం చేసినది కూడా ఒక మహిళయే. ఆమె ఆచార్య మిరియం కొరొనెల్ ఫెర్రర్. 2019లో ఏర్పడిన బంగ్సమోరో స్వపరిపాలన ప్రాంతం ఆ ఒప్పందపు ఫలమే.

నాణెపు రెండవ వైపు

చట్టాల దృష్ట్యా ఫిలిప్పీన్స్ అనేక దేశాలకు ఆదర్శప్రాయం. 2004లో స్త్రీలపై, వారి బిడ్డలపై హింసను నిరోధించే చట్టం, 2009లో మహిళా హక్కుల మహాశాసనం వెలువడినవి. ప్రతి ప్రభుత్వ శాఖ తన బడ్జెట్టులో నూటికి 5 వంతులకు తగ్గకుండా స్త్రీపురుష సమానత్వ సాధనకు కేటాయించవలెనని ఆ మహాశాసనం విధించినది. 2019 నుండి ప్రసూతి సెలవు 105 రోజులకు పెరిగినది.

ఇక లోపాలు కూడా చూడాలి. ప్రపంచ ఆర్థిక వేదిక ప్రకటించే స్త్రీపురుష సమానత్వ పట్టికలో 2013లో 5వ స్థానంలో ఉన్న ఈ దేశం 2024లో 25వ స్థానానికి దిగినది. విద్యలో బాలికలు బాలురకు తీసిపోకున్నా, జీతం వచ్చే పనులలో స్త్రీల శాతం పురుషులకంటె చాలా తక్కువ. 2022 వరకు పదవి స్వీకరించిన 17 మంది అధ్యక్షులలో స్త్రీలు ఇద్దరే; వారిలో ఒకరు ఒక నాయకుని వితంతువు, మరొకరు ఒక మాజీ అధ్యక్షుని కుమార్తె. సామాన్య కుటుంబపు స్త్రీకి ఆ మెట్లు ఎక్కుట నేటికీ దుష్కరం. లక్షలాది స్త్రీలు పరదేశాలలో ఇంటిపనులకు, రోగుల శుశ్రూషకు వెళ్లి, తమ బిడ్డలను అమ్మమ్మల ఒడిలో వదలివేస్తున్నారు. వారు పంపే ధనంతో దేశం నిలుస్తున్నది; వారి వియోగపు వెల మాత్రం ఏ లెక్కలలోను చేరదు. ముస్లింలకు 1977 నాటి వైయక్తిక న్యాయస్మృతి విడాకులను గుర్తించినది గాని, ఇతర వర్గాలలోని స్త్రీలకు విడాకుల చట్టం లేకపోవుట అక్కడ పెద్ద చర్చనీయాంశం. 2024 మే నెలలో దిగువ సభ ఆమోదించిన బిల్లు సెనేటు ఆమోదం పొందకుండానే ఆ శాసనసభల గడువు ముగిసినది. బాల్యవివాహాలను శిక్షార్హం చేసిన చట్టం 2021 డిసెంబరులో గాని రాలేదు.

ఉపసంహారం

ఈ చరిత్ర నుండి మూడు విషయాలు గ్రహించవచ్చును. మొదటిది, ఉన్నత పీఠంపై ఒక స్త్రీ కూర్చున్నంత మాత్రాన అందరు స్త్రీలకు సమానత్వం వచ్చినట్లు కాదు. ఆ పీఠం క్రిందనున్న మెట్లు అందరికీ అందుబాటులో ఉన్నవా అని అడుగవలెను. రెండవది, ఆచారంలో ఉన్న హక్కు వ్రాతలోనికి రానిదే నిలువదు; వ్రాతలో ఉన్న హక్కు ఆచరణలోనికి రానిదే ఫలించదు. మూడవది, అన్నింటికీ మూలం అక్షరం. మలోలోస్ యువతులు ముందుగా కోరినది ఆభరణాలు కావు, అధికారం కాదు, ఒక బడి.

నేడు దావావో వంటి నగరాలలో వైద్యవిద్య అభ్యసించడానికి మన తెలుగు విద్యార్థినులు కూడా ఆ దేశానికి వెళుతున్నారు. వైద్యశాస్త్రంతో పాటు అచ్చటి స్త్రీల చరిత్రను కూడా వారు చదివి రాగలిగితే ఎంతో మేలు. ఇక్కడ ఉన్న విద్యార్థినులు సైతం ఒక్క మాట గుర్తుంచుకొనవలెను. ఇరవై మంది కలిసి ఒక బడిని తెరిపించారు. నాలుగు లక్షల నలభై ఏడు వేల మంది కలిసి ఒక రాజ్యాంగపు షరతును నెరవేర్చి ఓటు సంపాదించారు. ఏకవచనంలో అమహత్తుగా ఉన్న స్త్రీ బహువచనంలో మహత్తు కాగలదని మన వ్యాకరణం చెప్పినది. చరిత్రలో అది నిజమని ఫిలిప్పీన్ మహిళలు నిరూపించారు. ఒక్కతెగా ఉన్నపుడు సైతం స్త్రీని మహత్తుగా భావించే సమాజాన్ని నిర్మించుట మనందరి కర్తవ్యం.